శిబిరంలో ఒక గది

అద్దె ఇల్లు మారాలంటేనే మనకి నెల రోజుల ముందు నుంచి బెంగ. గిన్నెలు సర్దాలి, ఊరగాయ జాడీలకి వాసెన కట్టాలి, పిల్లల పుస్తకాలు మూట కట్టాలి. ఇంత చేసినా కొత్తింట్లో మొదటిరోజు పోపుల పెట్టె కనబడదు! అలాంటిది, వారం పది రోజుల్లో తిరిగి వచ్చేస్తాం కదా అని తలుపుకి తాళం వేసి, చంటిపిల్లని చంకనేసుకుని బయల్దేరిన ఇల్లాలు, మళ్ళీ ఆ గుమ్మం తొక్కకుండానే ముసలిదైపోయిందంటే ఎలా ఉంటుంది? ఆవిడ కూతురూ, మనవరాలూ కూడా ఆ ఇల్లు చూడలేదంటే?

పాలస్తీనాలో 1948లో జరిగింది ఇదే. ఇజ్రాయెల్ దేశం ఏర్పడిన సమయంలో వచ్చిన యుద్ధంలో ఏడు లక్షల మందికి పైగా పాలస్తీనా వాళ్ళు ఇళ్ళు వదిలి చుట్టుపక్కల చెదిరిపోయారు. చాలామంది ఇంటి తాళం చెవులు వెంట తీసుకువెళ్ళారు. ఆ ఇనప తాళంచెవుల్ని నేటికీ కొన్ని ఇళ్ళల్లో గోడకి తగిలించి ఉంచుకుంటారు. తాళంచెవి ఉంది, తలుపు లేదు!

వీళ్ళ కోసం ఐక్యరాజ్య సమితి 1949 డిసెంబరులో ప్రత్యేకంగా ఒక సంస్థను పెట్టింది. దాన్ని పొట్టిగా ఉన్‌ర్వా అంటారు. 1950 మే నెల నుంచి అది పని మొదలుపెట్టింది. కొద్దికాలపు ముచ్చటే అనుకున్న ఆ సంస్థ డెబ్భై అయిదేళ్ళు దాటినా ఇంకా ఉందంటే సమస్య ఎంత మొండిదో చూడండి. దాని లెక్కల్లో పేరు నమోదైన శరణార్థులు ఇప్పుడు దాదాపు 59 లక్షలు. గుర్తించిన శిబిరాలు 58. అందులో జోర్డాన్‌లో 10, సిరియాలో 9, లెబనాన్‌లో 12, వెస్ట్ బ్యాంక్‌లో 19, గాజాలో 8.

శిబిరం అనగానే గుడారాలు ఊహించుకోకండి. మొదట్లో గుడారాలే. తర్వాత రేకుల కప్పు, ఆ తర్వాత సిమెంటు ఇటుకల గది. కొడుక్కి పెళ్ళయితే దాని మీద ఇంకో గది, మనవడికి పెళ్ళయితే ఆ పైన ఇంకోటి. పక్కకి పెరగడానికి చోటు ఇవ్వరు కాబట్టి పైకే పెరగాలి.

బుర్జ్ అల్ బరాజ్‌నే సంగతి

లెబనాన్ రాజధాని బీరూట్‌కి దక్షిణాన, విమానాశ్రయానికి దగ్గరలో బుర్జ్ అల్ బరాజ్‌నే అనే శిబిరం ఉంది. 1948లో గలిలీ ప్రాంతపు పల్లెల నుంచి వచ్చినవాళ్ళతో మొదలైంది. 2011 తర్వాత సిరియా యుద్ధం నుంచి పారిపోయి వచ్చినవాళ్ళు కూడా అందులోనే తలదాచుకున్నారు. సందులు ఎంత ఇరుకంటే, కొన్నిచోట్ల ఎదురుగా మనిషి వస్తే గోడకి ఆనుకుని దారి ఇవ్వాల్సిందే. తల పైన కరెంటు తీగలూ, నీళ్ళ గొట్టాలూ కలిసి సాలెగూడులా వేలాడుతుంటాయి. వానాకాలంలో తీగల మీంచి షాకు కొట్టి ప్రాణాలు పోయిన సందర్భాలు ఉన్నాయి. కుళాయి నీళ్ళు ఉప్పన. తాగడానికీ వంటకీ నీళ్ళు కొనుక్కోవాలి. బిందె నీళ్ళ కోసం లారీ వెనక పరిగెత్తిన మన ఆడవాళ్ళకి ఈ కష్టం విడమరిచి చెప్పక్కర్లేదు.

ఇంత ఇరుకులో ఉంటూ మగవాళ్ళు బయటికి వెళ్ళి నాలుగు రాళ్ళు సంపాదిద్దామంటే చట్టం అడ్డం. అక్కడే పుట్టి పెరిగినా పాలస్తీనా వాళ్ళకి లెబనాన్ పౌరసత్వం రాదు. వైద్యం, న్యాయవాద వృత్తి, ఇంజనీరింగ్ లాంటివి చదువుకున్నా అక్కడ ప్రాక్టీసు పెట్టుకోవడానికి వీల్లేదు. 2001లో వచ్చిన చట్టం ప్రకారం ఇల్లూ స్థలమూ కొనుక్కోవడానికి కూడా వీల్లేదు. కొడుకు ఇంజనీరు చదివి తాపీ పనికి వెళుతుంటే కన్నతల్లి ఏ మొహంతో చిన్నవాణ్ణి 'బాగా చదువుకోరా నాన్నా' అంటుంది చెప్పండి!

ఇక ఆడవాళ్ళ సంగతి. బయట పని దొరకదు, ఇంట్లో గాలి ఆడదు. పెరడు లేదు, అరుగు లేదు. ఇద్దరు ఆడవాళ్ళు కూర్చుని పప్పు ఏరుకుంటూ కష్టం సుఖం చెప్పుకుందామన్నా చోటు లేదు. అందుకే ఇలాంటి శిబిరాల్లో పనిచేసేవాళ్ళు బియ్యమూ, పాలపొడీ, దుప్పట్లతో పాటు ఒక గది కూడా చూడవలసి వచ్చింది. నలుగురు ఆడవాళ్ళు వచ్చి కూర్చోగలిగే గది. మన ఊళ్ళల్లో మహిళా మండలి ఉంటుందే, అలాంటిదన్న మాట. ఉన్‌ర్వా ఇలాంటి మహిళా కేంద్రాలను అనేక శిబిరాల్లో నడిపింది. కుట్టు, అల్లిక, చదువు, పిల్లల బడి అన్నీ అక్కడే. లెబనాన్‌లో అలా మొదలైన ఒక కార్యక్రమమే తర్వాత విమెన్స్ ప్రోగ్రాం అసోసియేషన్ అనే స్వతంత్ర సంస్థగా నిలదొక్కుకుంది.

'కాస్త' అంటే ఎంత?

ఆ సంస్థ బుర్జ్ శాఖలో పనిచేసిన మరియం షార్ ఆ శిబిరంలోనే పుట్టి పెరిగిన మనిషి. 2013లో ఆవిడ, తోటి ఆడవాళ్ళూ కలిసి వంట చేసి అమ్మే సంస్థ ఒకటి మొదలుపెట్టారు. దాని పేరు సుఫ్రా. అరబ్బీలో సుఫ్రా అంటే వంటకాలన్నీ వడ్డించి పరిచిన భోజనం. మన హైదరాబాదులో దస్తర్‌ఖాన్ అంటారే, ఆ అర్థమే. అల్ఫనార్ అనే సేవా సంస్థ పెట్టుబడికి సాయం చేసింది.

ఇంతమంది కుట్టు మిషన్లు ఇస్తుంటే వీళ్ళు వంటే ఎందుకు ఎంచుకున్నారు? ఆలోచిస్తే సంగతి తెలుస్తుంది. ఇల్లూ పొలమూ పోయినా, అమ్మమ్మ చేతి నుంచి అమ్మ చేతికీ, అమ్మ చేతి నుంచి కూతురి చేతికీ వచ్చిన ఆస్తి అదొక్కటే. దాన్ని ఎవరూ జప్తు చేయలేరు. మక్లూబా అనే వంటకం ఉంది. మక్లూబా అంటే తిరగేసినది అని అర్థం. గిన్నె అడుగున మాంసం, దాని మీద వేయించిన వంకాయ ముక్కలు, కాలీఫ్లవర్, ఆ పైన బియ్యం పోసి ఉడికించి, మొత్తం గిన్నెని పళ్ళెంలోకి బోర్లిస్తారు. గోపురంలా నిలబడాలి, కూలిపోకూడదు. అక్కడి కోడళ్ళకి అదో పరీక్ష!

అయితే ఇంటి వంట వేరు, అమ్మకం వంట వేరు. ఈ తేడా మనలో కర్రీ పాయింటు పెట్టాలనుకునే ప్రతి ఇల్లాలూ తెలుసుకోవాలి. ఇంట్లో ఉప్పు 'చాలినంత', కారం 'కాస్త', నీళ్ళు 'వేలు మునిగేంత'. నలుగురికి బాగా కుదిరిన కూర నలభై మందికి కుదరకపోవడం మనమెరిగినదే. సోమవారం తిన్నవాడు గురువారం మళ్ళీ వస్తే అదే రుచి ఉండాలి. అందుకని ప్రతిదీ తూకం వేసి కాగితం మీద రాసుకోవాలి. ఒక ప్లేటుకి ఖర్చెంత, గ్యాసుకెంత, చేసిన మనిషి కూలి ఎంత అని లెక్క కట్టాలి. ఆ చివరి మాట దగ్గరే మనం తప్పిపోతాం. నూనె ధర, పప్పు ధర కలుపుతాం గానీ మన రెక్కల కష్టానికి ధర వేయం. 'నేను చేసిందేముంది లెండి' అంటాం. ఒక కేంద్రంలో కూర్చుని, నలుగురి ఎదురుగా పుస్తకంలో 'కూలి' అని విడిగా ఒక గడి గీసి రాసుకున్నప్పుడు ఆ అలవాటు పోతుంది. ఇంటి పని కాస్తా ఉద్యోగం అవుతుంది.

సుఫ్రాలో పాలస్తీనా వాళ్ళే కాదు, సిరియా, ఇరాక్ నుంచి వచ్చిన శరణార్థి స్త్రీలు కూడా చేరారు. కొత్తగా వచ్చినవాళ్ళని చూస్తే పాతవాళ్ళకి గుబులు ఉంటుంది కదా, ఉన్న కాస్త పనీ పంచుకోవాలని. ఒకే పొయ్యి దగ్గర నిలబడి, 'మా ఊళ్ళో ఇలా చేస్తాం', 'మేమైతే దానిమ్మ రసం పోస్తాం' అని వాదించుకుంటూ వండితే ఆ గుబులు కొంత తగ్గుతుంది. ఆడవాళ్ళకి ఇంతకంటే మంచి పరిచయ మార్గం ఏముంది!

ఈ సంస్థ శిబిరం బయట విందులకి వంటలు పంపడం మొదలుపెట్టింది. ఆ తర్వాత ఒక వాహనంలో వంటశాల పెట్టుకుని ఊరంతా తిరిగి అమ్మాలని తలపెట్టారు. డబ్బు ఎక్కడెక్కడివాళ్ళో ఇంటర్నెట్ ద్వారా చందాలు వేసి ఇచ్చారు. అసలు చిక్కు కాగితాల దగ్గర వచ్చింది. పాలస్తీనా వాళ్ళ పేరు మీద బండికీ, వ్యాపారానికీ అనుమతి తేవడం అంటే కొండని తవ్వడమే. ఈ తిరుగుళ్ళన్నీ 2017లో థామస్ మోర్గన్ అనే దర్శకుడు 'సుఫ్రా' పేరుతోనే డాక్యుమెంటరీ చిత్రంగా తీశాడు. హాలీవుడ్ నటి సుసాన్ సారండన్ దాని నిర్మాతల్లో ఒకరు. ఈ ఆడవాళ్ళ వంటకాలతో పుస్తకం కూడా వచ్చింది.

మనమూ చేసి చూద్దాం: ముజద్దరా

ఆ దేశాల్లో పేదింటి వంట ఇది. మాంసం కొనలేని రోజున వండుకునే పులగం. మన వంటింట్లో ఉన్న సామానుతోనే అయిపోతుంది.

పొట్టు తీయని మసూర్ గింజలు ఒక గ్లాసు (కొట్లో నల్ల మసూర్ అని అడగండి), బియ్యం ఒక గ్లాసు, పెద్ద ఉల్లిపాయలు 4, నూనె 6 పెద్ద చెంచాలు, జీలకర్ర పొడి ఒక చిన్న చెంచా, మిరియాల పొడి అర చెంచా, ఉప్పు.

గింజలు కడిగి, నాలుగు గ్లాసుల నీళ్ళు పోసి పదిహేను ఇరవై నిమిషాలు ఉడికించండి. నొక్కితే మెదగాలి గానీ ముద్ద కాకూడదు. కుక్కరు వద్దు, చితికిపోతాయి. నీళ్ళు వంచి పారబోయకుండా దాచండి. బియ్యం కడిగి ఈలోగా నాననివ్వండి. ఉల్లిపాయలు సన్నగా నిలువుగా తరిగి నూనెలో ఓపిగ్గా వేయించండి. రుచంతా ఇక్కడే ఉంది. బిర్యానీకి వేయించినట్టు బాగా ఎర్రబడాలి, మాడకూడదు. సగం తీసి పక్కన పెట్టి, మిగతా సగంలో జీలకర్ర పొడి, మిరియాల పొడి వేసి, బియ్యం, గింజలు, ఉప్పు కలపండి. దాచిన నీళ్ళకి కొన్ని చేర్చి రెండు గ్లాసులు పోసి, మూత పెట్టి, పొంగు రాగానే మంట తగ్గించి పదిహేను నిమిషాలు ఉంచండి. దించాక పది నిమిషాలు కదపకండి. పైన మిగిలిన ఉల్లిపాయ చల్లి, పెరుగూ దోసకాయ ముక్కలతో వడ్డించండి. పొడిపొడిగా వస్తుంది. కారం అలవాటున్న మన నాలుకకి పక్కన ఆవకాయ బద్ద ఉన్నా తప్పు లేదు!

సూదీ దారమూ

వంట ఒక్కటే కాదు. పాలస్తీనా పల్లెల్లో ఆడవాళ్ళు తత్రీజ్ అనే కుట్టు కుడతారు. మన క్రాస్ స్టిచ్ లాంటిదే. ఒక్కో ఊరికీ ఒక్కో పోలిక, ఒక్కో రంగు. సరుగుడు చెట్టులా నిటారుగా ఉండే సైప్రస్ చెట్టు, చందమామ, పక్షులు... గౌను ఎదురు భాగం చూసి 'ఈవిడది ఫలానా ఊరు' అని చెప్పేవారట. ఆ ఊళ్ళు చాలావరకు ఇప్పుడు లేవు. కుట్టులో మాత్రం మిగిలాయి. లెబనాన్ శిబిరాల ఆడవాళ్ళకి ఈ కుట్టు ద్వారా పని కల్పించడానికి 1969లో ఇనాష్ అనే సంస్థ మొదలైంది. దారమూ బట్టా వాళ్ళే ఇస్తారు. ఇంట్లో పిల్లల్ని చూసుకుంటూనే కుట్టి ఇస్తే, కుట్టినదానికి డబ్బు కడతారు. 2021లో యునెస్కో ఈ తత్రీజ్‌ని ప్రపంచ సాంస్కృతిక సంపద జాబితాలో చేర్చింది.

పిల్లల విషయంలో కూడా చెప్పుకోదగ్గ పని జరిగింది. 1976లో బీరూట్‌లోని తల్ అల్ జాతర్ శిబిరం అంతర్యుద్ధంలో నాశనమైంది. తల్లిదండ్రులు పోయిన పిల్లల కోసం బైత్ అత్‌ఫాల్ అస్సుమూద్ అనే సంస్థ పుట్టింది. ముందు అనాథాశ్రమం లాగే నడిపారు. తర్వాత, పిల్లల్ని బంధువుల దగ్గరే ఉంచి ఆ కుటుంబానికి సాయపడటం మేలని ఆ దారి పట్టారు. ఇప్పుడు శిబిరాల్లోని వాళ్ళ కేంద్రాల్లో చిన్నపిల్లల బడి, పళ్ళ వైద్యం, పాటలు, నాట్యం అన్నీ ఉన్నాయి. పిల్లవాడికి అన్నం పెట్టడం ఒకటే సాయం కాదు, అమ్మమ్మ పక్కలో పడుకోనివ్వడం కూడా సాయమే అని గ్రహించారు.

లెబనాన్ నుంచి ఇప్పుడు బెత్లెహేము దగ్గరికి రండి. ఏసుక్రీస్తు పుట్టిన ఊరే. అక్కడ అయిదా అనే శిబిరం ఉంది. పక్కనే ఇజ్రాయెల్ కట్టిన ఎత్తయిన కాంక్రీటు గోడ. ఆ శిబిరంలో వికలాంగులైన పిల్లలున్న తల్లులు కొందరు 2010లో నూర్ అనే బృందంగా ఏర్పడ్డారు. నూర్ అంటే వెలుగు. అలాంటి పిల్లలకి బడి దొరకదు, తల్లికి ఇల్లు కదిలే వీలుండదు. బెత్లెహేముకి యాత్రకు వచ్చే విదేశీయులకి పాలస్తీనా వంట నేర్పి, ఫీజు తీసుకుని, ఆ డబ్బుతో తమ పిల్లలకి కావలసినవి సమకూర్చుకోవడం మొదలుపెట్టారు. చూడటానికి వచ్చినవాళ్ళ చేత వంకాయలు తరిగించారన్న మాట! జాలి పడటానికి వచ్చిన మనిషి శిష్యురాలై కూర్చుంటే ఆ తల్లి గురువు అవుతుంది. చేయి చాచిన మనిషికీ, నేర్పే మనిషికీ మధ్య ఎంత దూరం!

గోడలు నిలబడితే కదా

ఇదంతా చదివి 'అయితే సమస్య తీరిపోయినట్టే' అనుకోకండి. ఈ కేంద్రాలు దీపాల్లాంటివి. గాలివాన వస్తే ముందు వణికేవి అవే.

2019లో లెబనాన్ ఆర్థిక వ్యవస్థ కూలిపోయింది. డాలరుకి 1,500 లీరాలుగా ఉన్న మారకం 2023 నాటికి 90 వేల దరిదాపులకి వెళ్ళింది. అంటే బీరువాలో దాచుకున్న డబ్బు చిత్తు కాగితం అయింది. 2020లో కరోనాతో పాటు ఆగస్టు 4న బీరూట్ ఓడరేవులో ఘోరమైన పేలుడు. విందులు ఎవరిస్తారు, వంటలు ఎవరు కొంటారు? ఆ రోజుల్లో సుఫ్రా వంటశాల అమ్మకం మాట పక్కన పెట్టి, దిక్కులేనివాళ్ళ కోసం అన్నం వండింది. 2023 అక్టోబరు నుంచి గాజా యుద్ధంలో అక్కడి శిబిరాలు చాలావరకు నేలమట్టమయ్యాయి. బెత్లెహేముకి యాత్రికులు రావడం ఆగిపోయింది. యాత్రికుల మీద ఆధారపడ్డ తల్లుల సంపాదన సంగతి వేరే చెప్పాలా? 2024 శరదృతువులో ఇజ్రాయెల్ బాంబులు బీరూట్ దక్షిణ పేటల మీద పడ్డప్పుడు బుర్జ్ నుంచి కూడా కుటుంబాలు మూటలు కట్టుకుని బయటపడ్డాయి. అమ్మమ్మ 1948లో కట్టిన మూట, మనవరాలు 2024లో కట్టింది.

ఒక వంటశాల చట్టాలని మార్చలేదు. పౌరసత్వం ఇవ్వలేదు. సొంత ఊరికి దారి తెరవలేదు. అవి ప్రభుత్వాలు చేయవలసిన పనులు. 'ఆడవాళ్ళు ఎలాగో నెట్టుకొస్తున్నారుగా' అని మెచ్చుకుని పెద్దలు తప్పించుకుంటే అది ఇంకో అన్యాయం.

మరి ఆ గది వల్ల ఒరిగిందేమిటి? నాకు తోచినది చెబుతాను. రేషను బియ్యం వచ్చినప్పుడు ఇల్లాలు వరసలో నిలబడుతుంది. ఎంత ఇవ్వాలో, ఎప్పుడు ఇవ్వాలో ఇంకొకళ్ళు నిర్ణయిస్తారు. మూడు తరాలు అలా నిలబడితే నడుమే కాదు, మనసూ వంగిపోతుంది. కేంద్రంలో ఆవిడ వండుతుంది, ధర చెబుతుంది, కాదంటే ఒప్పుకోదు. పక్కింటి సిరియా పిల్లకి పని నేర్పుతుంది. కష్టకాలం వస్తే అదే గరిటెతో నలుగురికీ పెడుతుంది. పుచ్చుకునే చెయ్యి పెట్టే చెయ్యి కావడానికి ఆ గది ఒక చోటు ఇచ్చింది.

మన కాలనీల్లో, పల్లెల్లో కూడా మహిళా మండలి భవనాలు ఉన్నాయి. కొన్ని కళకళలాడుతుంటాయి. కొన్నింట్లో ఎన్నికల సామానో, ఎరువుల బస్తాలో ఉంటాయి. మీ ఊళ్ళో ఉన్నదాని సంగతి ఈసారి కాస్త కనుక్కోండి. నెలకి ఎన్నిసార్లు తలుపు తీస్తున్నారు, లోపల ఏం జరుగుతోంది అన్నవి సరే. వాటికంటే ముందు అడగవలసిన ప్రశ్న ఒకటుంది. దాని తాళంచెవి ఎవరి కొంగున ఉంది?